రెండు తీగలు, కొన్ని మిల్లీవోల్టులు

యాంగూన్‌కు కరెంటు ఇచ్చే గ్యాస్ టర్బైన్ కేంద్రాలు నగరం పొలిమేరల్లోపలే ఉన్నాయి. అహ్లోన్, యువామా, హ్లోగా, థకేటా అని వాటి పేర్లు. మార్తబాన్ సింధుశాఖ అడుగు నుంచి పైపుల్లో వచ్చే సహజవాయువును అవి మండిస్తాయి. టర్బైన్ లోపల మంట వేడి వెయ్యి డిగ్రీల సెల్సియస్ పైమాటే. ఆ మంటలో ఏ కొలత సాధనమూ ఎక్కువ కాలం బతకదు. అందుకే మంట తన పని ముగించుకుని బయటికి పోయే దారిలో, ఎగ్జాస్ట్ గొట్టం చుట్టూ, సన్నని లోహపు కడ్డీలను వలయంగా గుచ్చిపెడతారు. అక్కడ వేడి 500 నుంచి 600 డిగ్రీల మధ్య ఉంటుంది. ఒక్కో కడ్డీ లోపల రెండేసి తీగలు, వాటి కొసలు కలిపి అతికిన చిన్న ముడి. ఇదే థర్మోకపుల్. టర్బైన్లలో సాధారణంగా వాడేది ‘కే’ టైపు.

550 డిగ్రీల దగ్గర ఆ తీగల జత ఇచ్చే వోల్టేజీ దాదాపు 23 మిల్లీవోల్టులు. టార్చిలైట్‌లో వేసే పెన్సిల్ సెల్లు ఇచ్చేది 1,500 మిల్లీవోల్టులు. ఆ కొద్దిపాటి వోల్టేజీని చూసే కంట్రోలర్ టర్బైన్‌కు గ్యాస్ ఎంత వదలాలో, ఎక్కడ ఆపాలో తేల్చుకుంటుంది. వలయంలోని కడ్డీలన్నీ దగ్గర దగ్గర అంకెలు చూపిస్తే సరే. ఒక పక్కవి చల్లగా, మరో పక్కవి వేడిగా చూపిస్తే లోపల ఏదో ఒక మంటగదిలో ఇంధనం సరిగా మండడం లేదని అర్థం. తేడా హద్దు దాటితే యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. అంటే లక్షల మంది ఇళ్ళలో దీపం వెలగడమూ ఆరిపోవడమూ ఈ తీగలు చెప్పే మాట మీద ఆధారపడి ఉన్నాయి. ఆ మాట నిజమో కాదో తెలియాలంటే తీగ టైపు తెలియాలి. తీగను ఎక్కడిదాకా లాగారో, ఎలా కలిపారో కూడా తెలియాలి.

వేడి తేడాతో తీగల జత వోల్టేజీ ఇచ్చే ఈ సంగతిని వెలుగులోకి తెచ్చినవాడు థామస్ యోహాన్ సీబెక్. 1821లో బెర్లిన్‌లో రెండు వేరువేరు లోహాలను చుట్టులా కలిపి ఒక అతుకును వేడిచేస్తే, దగ్గరున్న దిక్సూచి ముల్లు కదిలింది. వేడి నేరుగా అయస్కాంతాన్ని పుట్టిస్తోందని ఆయన అనుకున్నాడు. నిజానికి వేడి తేడా వల్ల విద్యుత్తు పారుతోంది, ఆ విద్యుత్తే ముల్లును తిప్పింది. అయినా ఈ ప్రభావానికి ఆయన పేరే నిలిచింది. దాన్ని నమ్మదగిన కొలత పనిముట్టుగా మలిచిన ఘనత ఎక్కువగా ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త అన్రీ ల షాతెలియేది. 1880ల్లో ఆయన ప్లాటినం తీగను, పదో వంతు రోడియం కలిపిన ప్లాటినం తీగతో జతచేసి కొలిమి వేడిని కొలిచాడు. ఆ జతే నేడు ‘ఎస్’ టైపు.

థర్మోకపుల్ గురించి చాలామంది, ఆ పని రోజూ చేసేవాళ్ళు సైతం, ఒక పొరపాటు అభిప్రాయంతో ఉంటారు. రెండు తీగలు కలిసిన ముడి దగ్గరే వోల్టేజీ పుడుతుందని వాళ్ళ నమ్మకం. అలా కాదు. లోహపు తీగలో ఒక చివర వేడిగా, మరో చివర చల్లగా ఉంటే, వేడివైపు ఎలక్ట్రాన్లకు చలనశక్తి ఎక్కువ. వాటి పంపకంలో ఏర్పడే తేడా వల్ల తీగ పొడవునా కొంత వోల్టేజీ ఏర్పడుతుంది. అది ఎంత, ఏ దిశలో అన్నది లోహాన్ని బట్టి మారుతుంది. ఒకే లోహపు తీగలు రెండు తీసుకుంటే వాటి వోల్టేజీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వేరువేరు లోహాలైతే తేడా మిగులుతుంది. మీటరు చూసేది ఆ తేడానే. ముడి చేసే పని రెండు తీగలను కొసన కలిపి ఉంచడం, అంతే. గోదావరి డెల్టాలోనైనా ఐరావతి డెల్టాలోనైనా కాలువ నీటి మట్టం పడేది వాలు ఉన్నచోటే. తీగలోనూ అంతే: వేడి ఎక్కడ మారుతోందో వోల్టేజీ అక్కడ పుడుతుంది. కొలిమి గోడ మందంలో తీగ ఉష్ణోగ్రత వందల డిగ్రీలు పడిపోతుంటే, కొలతలో అత్యధిక భాగం ఆ కాస్త దూరంలోనే తయారవుతోందన్నమాట. అక్కడ తీగ చెడిపోతే కొస ఎంత చక్కగా ఉన్నా లెక్క తప్పుతుంది.

దీనితోపాటే ఇంకో సంగతి. థర్మోకపుల్ కొస వేడిని నేరుగా చెప్పదు, రెండు చివరల మధ్య తేడాను మాత్రమే చెబుతుంది. కే టైపు కొస 500 డిగ్రీల్లో ఉండి, అవతలి చివర మంచునీటిలో, అంటే సున్నా డిగ్రీల్లో ఉంటే 20.644 మిల్లీవోల్టులు వస్తాయి. పట్టికలన్నీ ఆ సున్నాను ఆధారం చేసుకునే రాస్తారు. కానీ యాంగూన్‌లో కంట్రోల్ ప్యానెల్ మంచునీటిలో ఉండదు. ప్యానెల్ టెర్మినల్ 30 డిగ్రీల్లో ఉంటే మీటరుకు అందేది 19.441 మిల్లీవోల్టులే. దాన్ని ఉన్నది ఉన్నట్టు పట్టికలో చూస్తే 472 డిగ్రీలు అని తేలుతుంది. పోయిన 28 డిగ్రీలను తిరిగి కలపడానికి మీటరు లోపల టెర్మినల్ పక్కనే ఇంకో చిన్న ఉష్ణమాపకం ఉంటుంది. అది చెప్పిన గది వేడికి సరిపడే వోల్టేజీని మీటరు జమచేసుకుంటుంది. ఏప్రిల్ ఎండలో ఏసీ ఆగిపోయి ప్యానెల్ పెట్టె సమంగా వేడెక్కితే పరవాలేదు. పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ వేడి టెర్మినల్‌కు తగిలి, ఆ చిన్న ఉష్ణమాపకానికి తగలకపోతే మాత్రం కొలత తప్పుతుంది. కొలిమిలో ఏ మార్పూ లేకున్నా అంకె జరుగుతుంది.

ఇక టైపుల సంగతి. ఇన్ని అక్షరాలు ఎందుకు, ఒకటి చాలదా అని కొత్తగా చేరిన మెకానిక్ అడగడం సహజం. వేడి ఒక్కటే శత్రువైతే చాలేది. గాలి, తేమ, పొగ, గంధకం, కాలం, ఇవన్నీ తీగను తినేవే.

పరిశ్రమలో అత్యధికంగా కనిపించేది కే టైపు. పాజిటివ్ తీగ క్రోమెల్, అంటే నికెల్‌లో పదో వంతు క్రోమియం. నెగటివ్ తీగ అల్యూమెల్, అంటే నికెల్‌లో కొద్దికొద్దిగా అల్యూమినియం, మాంగనీసు, సిలికాన్. డిగ్రీకి దాదాపు 41 మైక్రోవోల్టులు ఇస్తుంది, సున్నాకు కింద 200 నుంచి పైన 1,260 డిగ్రీల దాకా పనికొస్తుంది, ధర అందుబాటులో ఉంటుంది. ఇన్ని సుగుణాలున్నందుకే దాని రోగాలు కూడా తెలుసుకోవాలి. గాలి ధారాళంగా ఆడే చోట క్రోమెల్ మీద గట్టి ఆక్సైడ్ పొర ఏర్పడి తీగను కాపాడుతుంది. గాలి అరకొరగా ఉన్న చోట, సన్నని పొడవాటి గొట్టం లోపల, 800 నుంచి 1,050 డిగ్రీల మధ్య క్రోమియం ఒక్కటే ఏరినట్టు ఆక్సీకరణం చెందుతుంది. తీగ మీద ఆకుపచ్చ పొడి కనిపిస్తుంది. దీన్ని గ్రీన్ రాట్ అంటారు. క్రోమియం పోయిన తీగ ఇచ్చే వోల్టేజీ తగ్గుతుంది, మీటరు అసలు వేడి కంటే తక్కువ చూపిస్తుంది. తక్కువ చూపించడం ఎక్కువ చూపించడం కంటే ప్రమాదకరం, ఎందుకంటే కంట్రోలర్ ఇంకా ఇంధనం పోస్తుంది. మరో రోగం 250 నుంచి 550 డిగ్రీల మధ్య వస్తుంది. అక్కడ క్రోమెల్ లోపల పరమాణువుల అమరిక నెమ్మదిగా మారి కొలత కొన్ని డిగ్రీలు జరుగుతుంది. టర్బైన్ ఎగ్జాస్ట్ సరిగ్గా ఈ పట్టీ అంచున ఉండడం యాదృచ్ఛికమే అయినా, కే టైపును నమ్మేవాళ్ళు గుర్తుంచుకోదగ్గ సంగతి.

ఈ రెండు రోగాలకూ మందుగా 1970ల్లో ఆస్ట్రేలియాలో రూపొందినది ‘ఎన్’ టైపు. నైక్రోసిల్, నైసిల్ అనే ఈ తీగల్లో సిలికాన్ పాలు పెంచి, ఆక్సైడ్ పొరను బలపరిచారు. కొత్త కొలిమికి తీగ ఎంచుకునే అవకాశం నాకిస్తే, వెయ్యి డిగ్రీల ప్రాంతంలో ఏళ్ళ తరబడి నడవాల్సిన చోట ఎన్ టైపునే ఎంచుకుంటాను. అయినా పాత ప్లాంట్లు కే టైపును వదలవు. కేబుళ్ళు, కార్డులు, స్టోర్‌రూమ్ నిండా ఉన్న విడిభాగాలు, అన్నీ దానికే అమర్చి ఉన్నాయి మరి.

‘జే’ టైపులో పాజిటివ్ తీగ స్వచ్ఛమైన ఇనుము, నెగటివ్ తీగ రాగి-నికెల్ మిశ్రమమైన కాన్‌స్టాంటన్. ప్లాస్టిక్ అచ్చులు పోసే యంత్రాల్లో ఇది ఎక్కువ. 760 డిగ్రీల పైన వాడకూడదు. దాదాపు 770 దగ్గర ఇనుము అయస్కాంత గుణం కోల్పోతుంది, ఆ మార్పుతో వోల్టేజీ లెక్క శాశ్వతంగా చెడుతుంది. యాంగూన్ లాంటి ఊళ్ళో అసలు ఇబ్బంది అంత పైన ఉండదు. మే నుంచి అక్టోబరు దాకా కురిసే వానల్లో, ఏడాదికి రెండున్నర మీటర్లకు మించి వాన పడే గాలిలో, ఇనుప తీగ టెర్మినల్ దగ్గరే తుప్పు పడుతుంది. విశాఖ సముద్రపు గాలిలో పనిచేసేవాళ్ళకు ఇది కొత్త విషయం కాదు.

చలికి, తేమకు పనికొచ్చేది ‘టీ’ టైపు. రాగి, కాన్‌స్టాంటన్ జత. పైన 350 డిగ్రీలకు మించి వాడరు కానీ సున్నాకు కింద ఇది నికార్సైన కొలతకు పెట్టింది పేరు. మంచి తరగతి తీగలో అర డిగ్రీ లోపు తేడా. యాంగూన్ నుంచి ఎగుమతయ్యే రొయ్య అయినా, భీమవరం, కాకినాడల నుంచి పోయే రొయ్య అయినా గడ్డకట్టించేటప్పుడు దాని నడిమధ్య మైనస్ 18 డిగ్రీలకు చేరిందో లేదో చూడాలి. పైన మంచు పట్టినంత మాత్రాన లోపల గడ్డకట్టినట్టు కాదు. ఆ నడిమధ్యను చూడడానికి సూదిలాంటి టీ టైపు కొసకు సాటి తక్కువ. ‘ఈ’ టైపు అన్నిటికంటే ఎక్కువ వోల్టేజీ, డిగ్రీకి 68 మైక్రోవోల్టుల దాకా, ఇస్తుంది. కానీ మన ప్రాంతాల్లో వాడకం తక్కువ.

కరిగిన ఉక్కు దగ్గరికి వచ్చేసరికి నికెల్ తీగలన్నీ చేతులెత్తేస్తాయి. అక్కడ ప్లాటినం కుటుంబం పని: ఎస్, ఆర్, బీ టైపులు. విశాఖ ఉక్కు కర్మాగారం లాంటి చోట 1,600 డిగ్రీలు దాటిన ద్రవపు ఉక్కులో, దళసరి అట్టగొట్టం చివర అమర్చిన చిన్న కొసను ముంచుతారు. క్వార్ట్జ్ గొట్టంలో వెంట్రుకంత ప్లాటినం తీగ ఉంటుంది. కొన్ని క్షణాల్లో అంకె వస్తుంది, ఆ కొస కాలిపోతుంది, మళ్ళీ ముంచడానికి కొత్తది తొడుగుతారు. బీ టైపులో ఒక వింత ఉంది. సున్నా నుంచి 50 డిగ్రీల మధ్య అది దాదాపు ఏమీ వోల్టేజీ ఇవ్వదు. అందుకని ప్యానెల్ గది 25లో ఉన్నా 45లో ఉన్నా కొలత మారదు, గది వేడిని కలుపుకునే ఏర్పాటే అక్కర్లేదు. ఇతరత్రా లోపమనిపించే గుణం ఇక్కడ ఇంత మేలు చేస్తుంది.

మళ్ళీ యాంగూన్‌కు వద్దాం. మన పాతతరం రంగం, రంగూన్ అని పిలుచుకున్న ఈ నగరానికి కోరంగి, కాకినాడ, విశాఖపట్నం తీరాల నుంచి ఓడలెక్కి వేలాది తెలుగువాళ్ళు వెళ్ళారు. రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చారు. ఆ మిల్లుల బాయిలర్లు వరి ఊకతో మండేవి. బాయిలర్‌కు వేడి కొలిచే తీగలు అంతగా అక్కర్లేదు. నీరూ ఆవిరీ కలిసి ఉన్నప్పుడు ఒత్తిడి తెలిస్తే ఉష్ణోగ్రత తెలిసినట్టే. గడియారం లాంటి ప్రెషర్ గేజి ఒక్కటి చాలు. నది దాటితే ఈ వెసులుబాటు ఉండదు.

అవతలి ఒడ్డున ఉన్న థాన్‌లిన్‌ను బ్రిటిష్ వాళ్ళు సిరియం అనేవారు. 1886లో గ్లాస్గోలో స్థాపితమైన బర్మా ఆయిల్ కంపెనీ అక్కడ రిఫైనరీ నడిపింది. ఎగువన యెనాంగ్యాంగ్ బావుల నుంచి సిరియం దాకా 1909 నాటికి పైపులైను వచ్చింది. బర్మా ముడిచమురులో మైనం ఎక్కువ. చల్లబడితే చిక్కబడుతుంది. ఆ మైనంతో కొవ్వొత్తులు చేయవచ్చని 1850ల్లోనే లండన్‌లో తేలింది, రంగూన్ నూనె ఓడల్లో అక్కడికి పోయింది. మైనం గడ్డకట్టే 50, 60 డిగ్రీల నుంచి చమురును మరిగించే 350 డిగ్రీల పైదాకా రిఫైనరీ పనంతా వేడిని బట్టి సరుకును విడదీయడమే. ఇక్కడ ఒత్తిడి చూసి ఉష్ణోగ్రత చెప్పడం కుదరదు, ఎందుకంటే చమురు ఒక్క పదార్థం కాదు, వందల పదార్థాల కలయిక. హీటర్ గొట్టాల్లో చమురు 370 డిగ్రీల ప్రాంతాన్ని దాటితే విరగడం మొదలవుతుంది, బొగ్గులాంటి కోక్ లోపల పేరుకుంటుంది. కోక్ పేరుకున్నచోట గొట్టం లోహమే మితిమీరి వేడెక్కుతుంది. అందుకని ఆధునిక రిఫైనరీల్లో గొట్టాల వీపు మీదే కే టైపు కొసల్ని వెల్డింగు చేస్తారు. సిరియం రిఫైనరీని జపాన్ సైన్యానికి దక్కకుండా 1942 మార్చి 7న బ్రిటిష్ వాళ్ళే పేల్చి తగలబెట్టారు. యుద్ధం తర్వాత అక్కడ మళ్ళీ రిఫైనరీ కట్టారు. 1963లో బర్మాలోని చమురు పరిశ్రమ ప్రభుత్వపరమైంది.

తీగ టైపు సరిగ్గా ఎంచుకున్నాక కూడా ఎక్కువ తప్పులు జరిగేది కేబుల్ దగ్గరే. కొలిమి పక్కన, కడ్డీ తీగలు కేబుల్‌ను కలిసే హెడ్ అనే పెట్టె నుంచి వంద మీటర్ల దూరాన ప్యానెల్ దాకా అసలు థర్మోకపుల్ తీగను లాగడం ఖర్చు. దాని బదులు, గది వేడికి దగ్గరి హద్దుల్లో అదే వోల్టేజీ ఇచ్చే ఎక్స్‌టెన్షన్ కేబుల్, లేదా ఇంకా చవకైన కాంపెన్సేటింగ్ కేబుల్ వేస్తారు. మామూలు రాగి కేబుల్ వేస్తే హెడ్‌కూ ప్యానెల్‌కూ మధ్యనున్న తేడా అంతా లెక్కలోంచి జారిపోతుంది. హెడ్ 60 డిగ్రీల్లో, ప్యానెల్ 30లో ఉంటే కొలత 30 డిగ్రీలు తగ్గుతుంది.

సరైన కేబుల్ వేసి తీగలు తారుమారు చేస్తే నష్టం ఇంకా ఎక్కువ. ఇక్కడే రంగుల గోల మొదలవుతుంది. అమెరికా పద్ధతిలో ఏ టైపుకైనా ఎర్ర తీగ నెగటివ్. కే టైపులో పసుపు పాజిటివ్. అదే కే టైపుకు జపాన్ పాత పద్ధతిలో ఎరుపు పాజిటివ్, తెలుపు నెగటివ్. జర్మనీ పాత పద్ధతిలో ఎరుపు పాజిటివ్, ఆకుపచ్చ నెగటివ్. బ్రిటన్ పాత పద్ధతిలో గోధుమరంగు పాజిటివ్, నీలం నెగటివ్. అంతర్జాతీయ ఐఈసీ పద్ధతిలో ఆకుపచ్చ పాజిటివ్, తెలుపు నెగటివ్. అంటే జర్మన్ యంత్రంలో నెగటివ్ అయిన ఆకుపచ్చ, కొత్త కేబుల్‌లో పాజిటివ్. జపాన్ నుంచి సెకండ్‌హ్యాండులో వచ్చిన యంత్రం, చైనా కేబుల్, అమెరికన్ పద్ధతి మీటరు ఒకే షెడ్డులో చేరే నగరంలో రంగును నమ్మి పనిచేయడం కష్టం. అందులోనూ ఎలక్ట్రీషియన్ చేతికి ఎరుపంటే ప్లస్ అని అలవాటు.

తారుమారు ఒక చివరే జరిగితే వెంటనే తెలుస్తుంది: కొలిమి వేడెక్కుతుంటే అంకె కిందికి పోతుంది. అప్పుడు మెకానిక్ తప్పు దొరికిందనుకుని రెండో చివర కూడా తిప్పి బిగిస్తాడు. అంకె పైకి పోవడం మొదలవుతుంది, అంతా బాగైందనిపిస్తుంది. కానీ కేబుల్ ఇప్పుడు కలపాల్సిన వోల్టేజీని తీసేస్తోంది. హెడ్ 60లో, ప్యానెల్ 30లో ఉంటే కొలత తగ్గేది 30 డిగ్రీలు కాదు, 60 డిగ్రీలు. పొద్దున్నే కొలిమి చల్లగా ఉన్నప్పుడు పరీక్షిస్తే హెడ్డూ ప్యానెలూ ఒకే వేడిలో ఉంటాయి కాబట్టి తప్పు అసలు కనిపించదు. కొలిమి వెలిగి, హెడ్ కాగాకే బయటపడుతుంది. అందుకే కమిషనింగ్ రోజు చల్లటి పరీక్షతో సంతకం పెట్టడం నాకు సమ్మతం కాదు. హెడ్ వేడిగా ఉన్నప్పుడు అక్కడి టెర్మినల్ దగ్గరే చేతిమీటరు పెట్టి, ప్యానెల్ అంకెతో పోల్చాలి.

రంగు మీద అనుమానం వస్తే జేబులో చిన్న అయస్కాంతం ఉంటే చాలు. కే టైపులో అల్యూమెల్, అంటే నెగటివ్ తీగ, అయస్కాంతానికి అంటుకుంటుంది, క్రోమెల్ అంటుకోదు. జే టైపులో అందుకు భిన్నంగా పాజిటివ్ తీగ అంటుకుంటుంది, అది ఇనుము కనుక. టీ టైపులో పాజిటివ్‌ను రాగి రంగే పట్టిస్తుంది. ఎన్ టైపులో రెండూ అంటుకోవు. అయితే కాంపెన్సేటింగ్ కేబుల్‌లో ఉండేది అసలు లోహం కాదు కాబట్టి ఈ పరీక్ష అక్కడ చెల్లదు.

వానాకాలం ముగిశాక చూడాల్సినది ఇన్సులేషన్. బట్ట, ఫైబర్‌గ్లాస్ అల్లిక మీదనున్న రంగు నీటిలో కరిగితే రెండు తీగల మధ్య బ్యాటరీలాంటి చర్య మొదలవుతుంది. అది పుట్టించే వోల్టేజీ అసలు సంకేతానికి ఎన్నో రెట్లు ఉండవచ్చు. ఉక్కు తొడుగు లోపల మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరిన ఎం.ఐ. కేబుల్ గట్టిదే కానీ, కోసిన కొసను తెరిచి వదిలేస్తే ఆ పొడి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్యానెల్ వైపు కార్డు విప్పేసి మెగ్గర్‌తో తీగకూ తొడుగుకూ మధ్య నిరోధం కొలుస్తారు. ముడిని తొడుగుకు అతకని రకమైతే, కొత్తగా ఉన్నప్పుడు అది సాధారణంగా 500 వోల్టుల దగ్గర కనీసం వెయ్యి మెగాఓములు ఉంటుంది. పడిపోయి కనిపిస్తే తడిసిన కొసను కాస్త కోసి, మిగిలినదాన్ని వేడిచేసి ఆరబెట్టి, చల్లారేలోగా ఎపాక్సీతో మూసేయాలి.